ముందు ఒక్క తుఫానును చదువు

తిరుపతి

చిరంజీవి తల్లికి చిన్నాయన ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు భూ అయస్కాంత తుఫానులు తీసుకున్నావనీ, సూర్యుడి నుంచి ఎడతెగక వీచే కణాల ప్రవాహం, అదే సౌర పవనం, దాని డేటా ఇరవయ్యేళ్లది దించుకుని కోరిలేషన్ చూడమని గైడు చెప్పారనీ రాశావు. దించుకున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నావట. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చిత్తూరు నుంచి ఇక్కడికి రావడం నీకు పెద్ద ప్రయాణమేమీ కాదు, కానీ వచ్చే ముందు ఇది చదివి, చేయగలిగినంత చేసుకుని రా.

మొదటి పని, ఆ ఇరవయ్యేళ్ల ఫైలును పక్కన పెట్టు. తీసెయ్యమనడం లేదు, కొన్ని వారాలు దాని జోలికి పోవద్దంటున్నాను. ఒకే ఒక్క తుఫాను తీసుకో. దాన్ని గంట గంటకీ, అవసరమైన చోట నిమిషం నిమిషానికీ చదువు. నా దగ్గరికి ఈ సబ్జెక్టుతో వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది దీనికి తలకిందులుగా చేసేవాళ్లు. వందల తుఫానుల మీద ఒకేసారి కోడ్ నడిపి, చుక్కల గ్రాఫు ఒకటి గీసి, దాని మధ్యలో గీత లాగి చూపించేవాళ్లు. గీతకు దూరంగా ఉన్న ఒక చుక్కను చూపించి "ఇదెందుకు ఇలా పడింది?" అని అడిగితే నోట మాట వచ్చేది కాదు. ఆ చుక్క వెనకున్న రెండు రోజుల కథ వాళ్లు ఎప్పుడూ చూడలేదు కదా.

ఏ తుఫాను తీసుకోవాలి? నీ వయసు వాళ్లందరికీ 2024 మే 10 మీదే మోజు. లద్దాఖ్‌లోని హాన్లే మీద ఆకాశం ఎర్రబడిన ఫోటోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి మరి. అది నిజంగానే పెద్దది, డీఎస్‌టీ, అంటే నేల మీద అయస్కాంత క్షేత్రం ఎంత తగ్గిందో చెప్పే సూచిక, మైనస్ 400 నానోటెస్లాలు దాటింది. కానీ మొదటి పాఠానికి పనికిరాదు. సూర్యుడి మీద ఒకే క్రియాశీల ప్రాంతం నుంచి వరసగా వచ్చిన సీఎంఈలు (సూర్యుడు అయస్కాంత క్షేత్రంతో సహా విసిరే పదార్థపు మేఘాలు) దారిలో ఒకదాన్నొకటి తగులుకుని, కలగలిసి వచ్చి పడ్డాయి. ఎక్కడ ఏది మొదలైందో విడదీయడానికి అనుభవం ఉన్నవాళ్లే తంటాలు పడుతున్నారు.

నా మాట విని 2003 నవంబరు 20 తీసుకో. డీఎస్‌టీ మైనస్ 422 దాకా దిగింది, 23వ సౌర చక్రంలో అదే అన్నిటికన్నా లోతు. దానికి ముందు, నవంబరు 18న సూర్యుడి మీద వచ్చిన జ్వాల మధ్యరకం ఎం తరగతిదే, అన్నిటికన్నా పెద్దదైన ఎక్స్ కూడా కాదు. మూడు వారాల ముందు అక్టోబరు 28న ఎక్స్17 జ్వాల వచ్చింది. దాని తుఫానూ భీకరమైనదే, అయినా డీఎస్‌టీ లోతులో ఈ ఎం తరగతిదే దాన్ని మించింది. ఎందుకని? జ్వాలను చూసి చెప్పలేం. సూర్యుడి నుంచి బయలుదేరిన అయస్కాంత క్షేత్రం భూమి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎటు తిరిగి ఉందో కొలిస్తే తప్ప తెలియదు. ఆ కొలత వ్యోమనౌకే ఇవ్వాలి. నీ ప్రాజెక్టు అంతటికీ కారణం ఇదే, పరిచయ అధ్యాయంలో ఇంకేం రాసినా రాయకపోయినా ఇది రాయి.

కొలిచే నౌకలు ఎక్కడున్నాయో నీకు తెలుసు, భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరగగలిగే ఎల్1 బిందువు చుట్టూ. మన నుంచి సూర్యుడి వైపు దాదాపు 15 లక్షల కిలోమీటర్లు. 1994లో వెళ్లిన విండ్, 1997లో వెళ్లిన ఏస్, 2015లో వెళ్లిన డిస్కవర్, ఆ తరువాత మన ఆదిత్య-ఎల్1. ఆదిత్య 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి లేచింది, 2024 జనవరి 6న హాలో కక్ష్యలో చేరింది. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి మన ఊరిదే అని గొప్పలు చెప్పుకోవచ్చు, నేనైతే చెప్పుకుంటాను. అందులోని యాస్పెక్స్, పాపా పరికరాలు సౌర పవనంలోని కణాలను చూస్తాయి. మాగ్ అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. మాగ్ సెన్సర్లను ఆరు మీటర్ల బూమ్ మీద, నౌక శరీరానికి దూరంగా పెట్టారు. సౌర పవనంలో మామూలు రోజుల్లో క్షేత్రం 5 నానోటెస్లాల చుట్టుపక్కలే ఉంటుంది, అంటే మన నేల మీద ఉన్న క్షేత్రంలో దాదాపు ఎనిమిది వేలో వంతు. నౌకలో పారే కరెంటే అంతకన్నా గట్టిగా క్షేత్రం పుట్టిస్తుంది. గ్రాఫులో మైనస్ 3 అనో ప్లస్ 2 అనో కనపడే ప్రతి అంకె వెనకా అంత జాగ్రత్త ఉందని గుర్తుపెట్టుకుంటే, దశాంశాలను ఇష్టమొచ్చినట్టు కొట్టిపారేయవు.

2003 తుఫానుకు ఏస్, విండ్ డేటా చాలు. నాసావాళ్ల ఆమ్నీ డేటాలో నిమిషానికొక విలువ దొరుకుతుంది. 19వ తేదీ మొదలు నుంచి 22 చివరి దాకా దించుకో. ఒకే కాగితం మీద, ఒకే కాలరేఖ కింద, ఒకదాని కింద ఒకటిగా గీయి. పైన మొత్తం క్షేత్రం, దాని కింద క్షేత్రంలో తూర్పు పడమర భాగం బీవై, ఉత్తర దక్షిణ భాగం బీజెడ్ (మైనస్ అయితే దక్షిణానికి), తరువాత వేగం, సాంద్రత, ప్రోటాన్ల ఉష్ణోగ్రత, అన్నిటికన్నా కింద సిమ్-హెచ్. సిమ్-హెచ్ అంటే డీఎస్‌టీకి నిమిషాల లెక్కన చెల్లెలు అనుకో. రంగులు అక్కర్లేదు, నల్ల గీత చాలు. ప్రింటు తీసుకో. లాప్‌టాప్‌లో జూమ్ చేసుకుంటూ చూస్తే మొత్తం ఆకారం కంటికి ఆనదు. బల్ల మీద కాగితం పరుచుకుని, స్కేలూ పెన్సిలూ పట్టుకుని కూర్చో.

ఇప్పుడు ఎడమ నుంచి చదువు. 20వ తేదీ అంతర్జాతీయ కాలమానంలో ఉదయం ఎనిమిది దగ్గర వేగం, సాంద్రత, ఉష్ణోగ్రత, క్షేత్రం నాలుగూ ఒకే క్షణాన పైకి ఎగురుతాయి. నాలుగూ కలిసి ఎగిరితేనే అది షాక్. ఒక్క సాంద్రతే ఎగిరి మిగతావి కదలకపోతే కాదు. అక్కడ నిలువుగా గీత గీయి. అదే సమయంలో కింద సిమ్-హెచ్ కిందికి పడకుండా పైకి ఒక ఉబ్బు ఉబ్బుతుంది. పవనం ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మన అయస్కాంత ఆవరణాన్ని లోపలికి నొక్కినప్పుడు అలాగే అవుతుంది. తుఫాను ఇంకా మొదలవలేదు, తలుపు తట్టింది అంతే.

షాక్ తరువాత కాసేపు అంతా గజిబిజి. బీజెడ్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. సీఎంఈ ముందు నలిగి, వేడెక్కి, కుప్పపడిన పవనం అది, షీత్ అంటారు. ఆ గజిబిజి ఆగిన చోటు వెతుకు. క్షేత్రం బలంగానే ఉంటుంది, కానీ గీత నున్నగా అయిపోతుంది. బీజెడ్ మెల్లగా, గంటల తరబడి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరుగుతుంది. ఆ వేగానికి ఉండాల్సినంత కన్నా ఉష్ణోగ్రత బాగా తక్కువకు దిగుతుంది. ఈ మూడూ కలిసి ఉంటే అది మాగ్నెటిక్ క్లౌడ్. 2003 నవంబరు క్లౌడ్‌లో బీజెడ్ దక్షిణానికి తిరిగి మైనస్ 50 దాటింది. మామూలు రోజుల్లో మొత్తం క్షేత్రమే ఐదు అని పైన రాశాను, పోల్చుకో. క్లౌడ్ మొదలు, ముగింపు పెన్సిల్‌తో గుర్తు పెట్టు. నీ గుర్తులూ ప్రచురిత జాబితాల్లోని సమయాలూ గంటో రెండు గంటలో తేడా వస్తే కంగారు పడకు, ఆ జాబితాలు వేసినవాళ్ల మధ్యే అంత తేడా ఉంటుంది.

ఇంకొకటి గమనించు. బీజెడ్ అడుగు తాకిన వెంటనే సిమ్-హెచ్ అడుగు తాకదు, మరికొన్ని గంటలకు తాకుతుంది. నీ గైడు చూడమన్న కోరిలేషన్ అంతా ఈ ఆలస్యం మీదే ఆధారపడి ఉంది. ఒక క్షణం బీజెడ్‌నూ అదే క్షణం డీఎస్‌టీనీ జత కట్టి చుక్క పెడితే చుక్కలు చెల్లాచెదురవుతాయి. డీఎస్‌టీ నిల్వను చూపిస్తుంది, అప్పటిదాకా జరిగినదంతా అందులో ఉంటుంది.

ఇక ఈ డేటాలో పిల్లలు కాలు జారే చోట్లు కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు అక్షాల సంగతి. ఏస్ ఫైళ్లలో బీజెడ్ రెండు రకాలుగా ఉంటుంది, జీఎస్ఈ, జీఎస్ఎమ్. మొదటిది భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలాన్ని బట్టి పెట్టిన అక్షం. రెండోది భూమి అయస్కాంత అక్షం ఎటు ఒరిగిందో చూసుకుంటుంది. తుఫానులకు కావలసింది జీఎస్ఎమ్. మన ఆవరణం ముందు భాగంలో క్షేత్ర రేఖలు ఉత్తరానికి ఉంటాయి, వచ్చే పవనంలో దానికి ఎదురుగా దక్షిణానికి ఉంటేనే రెండూ తెగి కొత్తగా అతుక్కుని శక్తి లోపలికి వస్తుంది. ఆ "ఉత్తరం" భూమి అయస్కాంతానిది. పేరు చూడకుండా జీఎస్ఈ వాడితే ఏమవుతుందో ఒక లెక్క చెబుతాను. బీవై 20, బీజెడ్ సున్నా అనుకో. రెండు అక్షాల మధ్య 20 డిగ్రీల ఒరుగు ఉంటే జీఎస్ఎమ్‌లో బీజెడ్ దాదాపు 7 నానోటెస్లాలు అవుతుంది. సున్నా అనుకున్న చోట తుఫానుకు సరిపడా దక్షిణ క్షేత్రం దాక్కుని ఉండవచ్చన్న మాట. మార్చి, సెప్టెంబరు విషువత్తుల దగ్గర తుఫానులు ఎక్కువ రావడానికి ఒక కారణం ఈ ఒరుగే.

తరువాత సమయం. 15 లక్షల కిలోమీటర్లను సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో దాటడానికి గంట పైన రెండు నిమిషాలు పడుతుంది. 750 అయితే అరగంట దాటి కాస్త. కాబట్టి ఎల్1 దగ్గర చూసినదాన్ని ముందుకు జరపాలి. కానీ ఆమ్నీ నిమిషాల డేటాను వాళ్లే జరిపి పెట్టారు, అందులోని సమయం పవనం భూమి ముందున్న బో షాక్ (పవనం మన ఆవరణానికి తగిలి నెమ్మదించే హద్దు) ముక్కుకు చేరే సమయం. నువ్వు మళ్లీ గంట జరిపితే తుఫాను రాకముందే డీఎస్‌టీ పడిపోయినట్టు కనపడుతుంది. ఏస్ సొంత ఫైలు తీసుకుంటే మాత్రం జరపాల్సింది నువ్వే. నవంబరు 20 షాక్‌ను ఏస్ ఫైల్లోనూ చూడు, ఆమ్నీలోనూ చూడు, రెంటి మధ్యా అరగంట పైన తేడా కనపడాలి. ఆ తేడాను నీ చేత్తో కొలిస్తే ఈ విషయం జన్మలో మరిచిపోవు.

సమయంలోనే ఇంకో చిక్కు మనకే ప్రత్యేకం. మన గడియారం అంతర్జాతీయ కాలమానానికి ఐదున్నర గంటలు ముందు. ఆ "అర"తోనే గొడవ. డీఎస్‌టీ గంటకొక విలువ. మన కాలమానంలోకి మారిస్తే ప్రతి గంటా మధ్యలో తెగుతుంది. పైగా తేదీ మారిపోతుంది. నవంబరు 20 తుఫాను అడుగు తాకింది మనకు 21 అర్ధరాత్రి దాటాక. కాబట్టి విశ్లేషణ అంతా అంతర్జాతీయ సమయంలోనే ఉంచు, చివర్లో మన రాత్రీ పగలూ గురించి మాట్లాడాల్సి వస్తేనే మార్చు. గ్రాఫు అడుగున ఏ కాలమానమో ప్రతిసారీ రాయి.

మూడోది ఖాళీలు. పరికరం కొలవలేకపోయిన చోట ఆమ్నీలో ఖాళీ ఉండదు, తొమ్మిదులు ఉంటాయి. నిమిషాల ఫైల్లో వేగానికి 99999.9, క్షేత్రానికి 9999.99. తీసెయ్యకుండా గ్రాఫు గీస్తే అసలు డేటా అంతా అడుగున చాప చుట్టినట్టు పడుకుని, పైన రెండు మూడు మేకులు నిలబడతాయి. అది నయం, వెంటనే కనపడుతుంది. సగటు తీసినప్పుడే ప్రమాదం. ఒక్క తొమ్మిదుల వరస కలిసినా సగటు ఏదో ఒక అంకె ఇస్తుంది, కోడ్ మాత్రం నోరు మెదపదు. తొమ్మిదులను తీసేశాక ఆ చోటు ఖాళీగానే వదిలెయ్యి, గీత లాగి అతికించకు. ఎందుకంటే ఖాళీలు ఎక్కడపడితే అక్కడ రావు, తుఫాను ముదిరినప్పుడే వస్తాయి. 2003 అక్టోబరు 29, 30 తేదీల్లో సూర్యుడి నుంచి వచ్చిన అధిక శక్తి ప్రోటాన్లు ఏస్ మీది సౌర పవనం పరికరాన్ని ముంచెత్తాయి. మామూలు పద్ధతిలో వేగం రాలేదు. తరువాత వేరే రకం కొలతల నుంచి లాగి చూస్తే సెకనుకు 1,850 కిలోమీటర్లు దాటిందని తేలింది. ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న అంకెలను కలిపి గీత గీసేవాడు ఆ దశాబ్దంలోకెల్లా వేగమైన పవనాన్ని రబ్బరు పెట్టి తుడిచేసినట్టే.

ఇప్పుడు డీఎస్‌టీ అంటే ఏమిటో కూడా కూర్చుని ఆలోచించు. జపాన్‌లోని క్యోటో కేంద్రం నుంచి వచ్చే ఒక అంకె అని వాడేయడం కాదు. నాలుగు చోట్ల నేల మీద క్షేత్రం ఎంత తగ్గిందో చూసి లెక్క కడతారు. జపాన్‌లో కకియోకా, హవాయిలో హోనొలులు, ప్యూర్టో రికోలో శాన్ వాన్, దక్షిణాఫ్రికాలో హెర్మనస్. మన తిరునల్వేలిలో మంచి పరిశీలనశాల ఉండగా దాన్నెందుకు తీసుకోలేదని నీకు అనుమానం రావాలి. అది అయస్కాంత మధ్యరేఖకు మరీ దగ్గర. అక్కడ పగటిపూట పైన అయనావరణంలో ఎలక్ట్రోజెట్ అనే గట్టి కరెంటు పారుతుంది, దాని ప్రభావం భూమి చుట్టూ తిరిగే రింగ్ కరెంట్‌తో కలిసిపోతుంది. అందుకే మధ్యరేఖకూ ధ్రువాలకూ రెంటికీ దూరంగా ఉన్నవాటిని ఎంచుకున్నారు. మన దేశానికి ఇందులో పెద్ద చరిత్రే ఉందిలే. 1859 సెప్టెంబరులో క్యారింగ్టన్ తుఫాను వచ్చినప్పుడు బొంబాయి కొలాబా పరిశీలనశాలలో క్షేత్రం దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్టు నమోదైంది. ఊళ్లోకి కరెంటు ట్రాములు వస్తుంటే కొలతలు పాడవుతాయని ఆ పరిశీలనశాలను అలీబాగ్‌కు మార్చారు.

డీఎస్‌టీలో రింగ్ కరెంట్ ఒక్కటే లేదు. ఇందాక చెప్పిన ఒత్తిడి ఉబ్బు కూడా ఉంది. దాన్ని తీసెయ్యడానికి ఒక సూత్రం వాడతారు: డీఎస్‌టీ నుంచి, నానోపాస్కల్స్‌లో ఉన్న ఒత్తిడి వర్గమూలానికి 7.26 రెట్లు తీసేసి, 11 కలుపు. ఒత్తిడి 25 నానోపాస్కల్స్ ఉంటే 25 నానోటెస్లాల తేడా వస్తుంది. మైనస్ 90 అని కనపడిన తుఫాను నిజంగా మైనస్ 115 అన్న మాట. మైనస్ 100 దాటితేనే తీవ్రమైన తుఫాను అని నువ్వు జాబితా కడితే, ఈ సవరణ చేశావా లేదా అన్నదాన్ని బట్టి కొన్ని లోపలికి వస్తాయి, కొన్ని బయటికి పోతాయి. చేసినా చేయకపోయినా ఏది చేశావో రాయి.

ఇక నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటి ఉంది. కోడ్ రాయకముందు ఒక లెక్క చేత్తో చెయ్యి. 1975లో బర్టన్, మెక్‌ఫెరాన్, రసెల్ రాసిన సమీకరణం ఉంది. గంటకు ఎంత శక్తి లోపలికి వస్తుంది, ఉన్నదాంట్లో ఎంత కరిగిపోతుంది, అంతే అందులో ఉన్నది. లోపలికి వచ్చేది బీజెడ్ దక్షిణానికి ఉన్నప్పుడు మాత్రమే, ఉత్తరానికి ఉంటే సున్నా. డిగ్రీ ల్యాబ్‌లో హాఫ్ వేవ్ రెక్టిఫయర్ చేశావు కదా, అదే సంగతి. 2000లో వచ్చిన సవరణలోని అంకెలు తీసుకుందాం. వేగం 500, బీజెడ్ మైనస్ 10. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే మీటరుకు 5 మిల్లీవోల్టుల విద్యుత్ క్షేత్రం. అందులోంచి 0.49 తీసేసి 4.4తో గుణిస్తే గంటకు దాదాపు మైనస్ 20 నానోటెస్లాలు లోపలికి. కరిగే కాలం ఆ స్థితిలో ఆరున్నర గంటలు దాటి కాస్త, 6.6 అనుకో.

మొదటి గంట చివర మైనస్ 20. రెండో గంటలో ఇంకో 20 చేరుతుంది, కానీ ఉన్న 20లో 6.6వ వంతు, అంటే 3 కరిగిపోతుంది, మైనస్ 37. మూడో గంటకు మైనస్ 51. నాలుగో గంటకు మైనస్ 63. చూశావా, ప్రతి గంటా చేరేది అంతే, కానీ అడుగు చిన్నదవుతూ వస్తోంది. ఎంతసేపు నడిచినా మైనస్ 130 చుట్టుపక్కల ఆగిపోతుంది. ఇప్పుడు నాలుగో గంట తరువాత బీజెడ్ ఉత్తరానికి తిరిగిందనుకో. చేరేది సున్నా, కరిగే కాలం దాదాపు 19 గంటలకు పెరుగుతుంది. అందుకే ఏ తుఫాను గ్రాఫు చూసినా కిందికి జారేటప్పుడు నిట్టనిలువుగా, పైకి వచ్చేటప్పుడు నీరసంగా ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద చేశాక నవంబరు 20 డేటా గంట గంటకూ వేసి చూడు. సమీకరణం ఇచ్చేదీ అసలు డీఎస్‌టీదీ రెండు గీతలూ ఒకే గ్రాఫులో పెట్టు. రెండూ విడిపోయిన చోటే నీ ప్రాజెక్టులో రాయడానికి విషయం దొరుకుతుంది.

తీవ్రమైన తుఫానుకు బీజెడ్ మైనస్ 10 కన్నా దిగువన కనీసం మూడు గంటలు ఉండాలని ఒక కొలబద్ద అందరూ వాడతారు. నీ చేతి లెక్కలో మూడు గంటలకు మైనస్ 51 మాత్రమే వచ్చింది. అంటే ఆ కొలబద్ద తప్పని కాదు. అసలు తుఫానుల్లో బీజెడ్ సరిగ్గా మైనస్ 10 దగ్గర కూర్చోదు, చాలా లోతుకు పోతుంది, మూడు గంటలు గడవగానే ఠక్కున ఆగిపోదు కూడా. అనుభవంతో పెట్టుకున్న గుర్తును భౌతిక నియమంలా రాయొద్దు. వైవాలో ఎవరైనా పట్టుకుంటే ఇక్కడే పట్టుకుంటారు.

ఒకటి బాగా చదివాక, దానికి పూర్తిగా వేరే జాతిది ఇంకొకటి తీసుకో. 2007, 2008 ప్రాంతంలో సూర్యుడు నిద్రపోతున్న రోజుల్లో, కరోనా రంధ్రాల (సూర్యుడి పై వాతావరణంలో క్షేత్రం బయటికి తెరుచుకున్న చోట్ల) నుంచి వచ్చే వేగ ప్రవాహాలవి. సూర్యుడు మన వైపు నుంచి చూస్తే 27 రోజులకొకసారి తిరుగుతాడు కాబట్టి అవీ 27 రోజులకు మళ్లీ వస్తాయి. డీఎస్‌టీ మైనస్ 100 దాటడమే అరుదు, కానీ రోజుల తరబడి సతాయిస్తాయి. వాటిలో నున్నటి బీజెడ్ ఉండదు, మొదటి నుంచి చివరి దాకా వణుకే. ఈ రెండు జాతుల్నీ ఒకే గంపలో వేసి కోరిలేషన్ తీస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ మాట గైడుకు చెప్పేటప్పుడు "మీరు చెప్పింది తప్పు సార్" అన్నట్టు ఉండకూడదు. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి, "వీటిని విడివిడిగా చేద్దామా సార్?" అని అడుగు. గ్రాఫే మిగతాది చెబుతుంది.

ఆ తరువాత ఇరవయ్యేళ్ల ఫైలు తెరువు. అప్పుడు కోడ్ రాస్తే ఏది షాక్, ఎక్కడ ఒక తుఫాను ఆగి ఇంకొకటి మొదలైంది, కోలుకోకముందే మళ్లీ పడితే ఒకటిగా లెక్కించాలా రెండుగానా, ఇవన్నీ నీకే తెలుస్తాయి. తుఫాను మొత్తానికీ బీజెడ్ సగటు తీయకు, ఉత్తరం దక్షిణం కొట్టేసుకుని సున్నా దగ్గరికి వస్తుంది. దక్షిణ భాగాన్ని మాత్రమే వేగంతో గుణించి కూడు. మెషీన్ లెర్నింగ్ పెట్టమంటారా చిన్నాయనా అని చివర్లో అడిగావు. ఇప్పుడొద్దు. అది చెడ్డదని కాదు, నా తరంవాళ్లు కొందరు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు, నాకా పట్టింపు లేదు. కాకపోతే పెద్ద తుఫానులు చాలా తక్కువ. మోడల్ ప్రశాంతంగా ఉన్న రోజులన్నీ చక్కగా నేర్చుకుని, మొత్తం మీద స్కోరు గొప్పగా చూపించి, అసలు రోజున చేతులెత్తేస్తుంది. దాని పక్కన పోల్చడానికి బర్టన్ సమీకరణం గీత లేకుండా ఏ మోడల్ ఫలితాన్నీ నమ్మకు.

మన ప్రాంతానికి ముడిపెట్టాలని నీకుంది, రాశావు. మంచి ఆలోచనే. తిరుపతి, చిత్తూరు దారిలోనే ఉన్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్లు ఉన్నాయి. 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ గురించి అందరికీ తెలుసు. అయనావరణం కోసమే 30 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేది ఇంకొకటి ఉంది. తుఫాను రోజుల్లో ఎత్తు అక్షాంశాల (ధ్రువాల వైపు) నుంచి విద్యుత్ క్షేత్రం నిమిషాల్లో మన దాకా చొచ్చుకొస్తుంది, సాయంత్రం పూట వస్తే అయనావరణం పైకి లేచి, రాత్రి జీపీఎస్ సిగ్నళ్లు మినుకుమనేలా గజిబిజి పుట్టవచ్చు. వేరే వేళలో వస్తే ఉన్న గజిబిజే అణిగిపోవచ్చు. ఇదే ఒక పీహెచ్‌డీ. నీ ప్రాజెక్టులో దీనికి ఒక్క పేరా ఇవ్వు, చాలు.

ఈ మధ్య టీవీల్లో "సౌర తుఫాను, ఫోన్లు బంద్" అని వేసినప్పుడల్లా వీధిలో నన్ను ఆపి అడుగుతుంటారు. నిన్నూ అడుగుతారు, ఇప్పటి నుంచే జవాబు సిద్ధం చేసుకో. 1989 మార్చిలో కెనడాలో క్విబెక్ అంతా చీకటైన మాట నిజమే. అది ఎత్తు అక్షాంశం, అక్కడి నేల రాయి కరెంటును లోపలికి పోనివ్వదు, కాబట్టి అది లైన్లలోకి ఎక్కుతుంది. మన దగ్గర కరెంటు పోతే సూర్యుడిని తిట్టడానికి ముందు లైన్‌మన్‌ను అడగడం మేలు. జీపీఎస్ దారి తప్పడం, కింది కక్ష్యల్లోని ఉపగ్రహాలకు గాలి రాపిడి పెరగడం మాత్రం మనమూ పట్టించుకోవలసినవే. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు తుఫానుకే అప్పుడే ఎగిరిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 పోయాయి.

ఒక నోటుబుక్కు పెట్టుకో. ఏ ఫైలు, ఏ తేదీన దించావు, ఏ అక్షం, సమయం జరిపావా లేదా, తొమ్మిదులు ఎన్ని తీశావు, ఇంతే. డీఎస్‌టీ కూడా తాత్కాలికం, తుది అని మారుతుంటుంది, ఏది వాడావో రాసుకో. వచ్చే ముందు నవంబరు 20 గ్రాఫు పెద్ద కాగితం మీద ప్రింటు తీయించు, నీ పెన్సిల్ గుర్తులన్నీ ఉంచు, తుడవకు. చేతి లెక్క కాగితాలూ తీసుకురా. క్లౌడ్ ముగింపు నువ్వు ఎక్కడ పెట్టావో, ఎందుకు అక్కడే పెట్టావో ముందు అది చెప్పు, మిగతావి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ నాయనను, అమ్మను అడిగానని చెప్పు. అవ్వ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో ఫోన్ చెయ్యి.

ఇట్లు
మీ చిన్నాయన